పద్నాలుగో అంశం

ఐర్లండ్ పార్లమెంటులో ఒక సభ్యుడు తన ఊరికి రాని బస్సు గురించి మాట్లాడటం నేను మొదటిసారి విన్నది దోహాకు దక్షిణాన, బిర్కత్ అల్ అవామిర్ దాటాక ఉన్న ఒక సైట్ ఆఫీసులో. మధ్యాహ్నం అన్నం వేళ. విని నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను కానీ, అప్పుడు మాత్రం కడుపుబ్బా నవ్వాను. అబద్ధం ఎందుకు రాయాలి?

నేను ఆ ఆఫీసులో ఆఫీస్ బాయ్‌ని. అరవై దాటినా బాయే. మీసం తెల్లబడితే ఉద్యోగం పేరు మారదు. టీ పెట్టడం, కాగితాలు జిరాక్స్ తీయడం, డ్రాయింగులు చుట్టి నంబర్ల ప్రకారం అరల్లో పెట్టడం, వచ్చే ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ రిజిస్టరులో ఎక్కించడం నా పనులు. కరీంనగర్ జిల్లాలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ పైన చదివిందంతా గల్ఫులోనే. పకోడీలు చుట్టి ఇచ్చిన ఇంగ్లీషు పేపర్లు, అట్ట ఊడిన ఒక డిక్షనరీ, ఇంజనీర్లు చెత్తబుట్టలో వేసిన ఉత్తరాలు, ఇవే నా పాఠ్యపుస్తకాలు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ ఇసుకలో ఉన్నాను. ఏ కంపెనీ ఎప్పుడు బోర్డు తిప్పేసిందో, ఏ నాయకుడు ఏ హాల్లో దండ వేయించుకుని ఏం వాగ్దానం చేసి పోయాడో నాకు గుర్తే. నా కోపానికి మూలం ఈ గుర్తుండటమే. మరిచిపోయేవాళ్ళు సుఖంగా బతుకుతారు.

మా సైటుకు పెద్ద ఇంజనీరు ఐర్లండ్ మనిషి. ఆ దేశపు పడమటి తీరాన చిన్న ఊరు ఆయనది. యాభై ఏళ్ళుంటాయి. ఎండకు ముఖం ఎప్పుడూ కందిపోయి ఉండేది. మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న రొట్టె తింటూ, ఫోను బల్ల మీద నిలబెట్టుకుని ఏదో వినేవాడు.

"క్రికెట్టా సార్?" అని అడిగాను ఒకరోజు, టీ కప్పు పక్కన పెడుతూ.

"కాదు. మా పార్లమెంటు. నిన్నటిది."

నిలబడి విన్నాను. ఎవరో గొంతు చించుకోకుండా, పక్కింటివాడితో చెప్పినట్టు చెబుతున్నాడు. పొద్దున పోయే బస్సు తీసేశారట. పెద్దాస్పత్రిలో చూపించుకోవాల్సిన ముసలివాళ్ళు ఇప్పుడు ముందు రోజే బయలుదేరి చుట్టాల ఇళ్ళలో తలదాచుకుంటున్నారట. ఒక ముసలామె తన దగ్గరకు వచ్చి, ఇది అడుగు నాయనా అని చెప్పిందట. అడుగుతున్నాడు.

"ఇది పార్లమెంటా సార్, గ్రామ పంచాయతీయా?" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "మా అమ్మ ఎక్కేది ఆ బస్సే" అన్నాడు, రొట్టె నములుతూ.

ఆ మాటకు నేను ఆగాల్సింది. ఆగలేదు. బయటికి వచ్చి, మా ఆఫీసులోనే డ్రాయింగులు గీసే గోదావరి జిల్లా మనిషికి ఇదంతా అభినయించి మరీ చెప్పి నవ్వాను. అతను క్రైస్తవుడు, దోహాలోనే, ఉమ్ ఘువైలినా పేటలో భార్యాబిడ్డలతో ఉంటాడు. నన్ను మాస్టారూ అని పిలుస్తాడు. అందులో సగం గౌరవం, సగం ఎకసెక్కెం.

"ఆళ్ళ సభ పేరు డాల్ అంటండి మాస్టారూ" అన్నాడు. "మనం మెస్సులో రోజూ దాల్ తింటాం, ఆళ్ళు అందులో కూర్చుంటారు. అంతేనండి తేడా."

నవ్విస్తూనే ఒక మంచి పని చేశాడు. ఆ సభలో మాట్లాడిన ప్రతి మాటా అచ్చయి ఇంటర్నెట్లో ఉంటుందని, ఎవరైనా ఊరికే చదువుకోవచ్చని వెతికి చూపించాడు. "అంతా ఉందండి. ఎవరైనా దగ్గితే అది కూడా రాసేసేలా ఉన్నారు."

నేను చదవడం మొదలుపెట్టింది తప్పులు పట్టడానికి. దోహాలో నజ్మా అనే పేటలో, మెస్సు పైన నాకో మంచం ఉంది. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, ఆ మంచం మీద కూర్చుని రోజూ కొన్ని పేజీలు చదివేవాణ్ణి. అర్థం కాని మాటలు పాత డైరీలో రాసుకుని, మర్నాడు ఇంజనీరును అడిగేవాణ్ణి. తుఫానుకు కొట్టుకుపోయిన పడవల రేవు గురించి ఒకరు. మాట రాని పిల్లవాడికి ప్రత్యేకంగా చెప్పే టీచరు దొరకని బడి గురించి ఒకరు. రెండు బళ్ళు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిన ఇరుకు వంతెన గురించి ఇంకొకరు. ఊరి పేరు చెబుతారు, వంతెన పేరు చెబుతారు, ఎవరు వచ్చి అడగమన్నారో చెబుతారు. అదే మనిషి మర్నాడు లేచి, దేశంలో ఇళ్ళు దొరక్క, అద్దెలు కట్టలేక పిల్లలు ఆస్ట్రేలియా పోతున్నారని మంత్రిని నిలదీస్తాడు. ఇంకో రోజు గాజాలో పిల్లల ఆకలి గురించి మాట్లాడతాడు. ఇరుకు వంతెన గురించి అడిగిన నోటితోనే దాన్నీ అడిగాడు. ఒకటి చిన్న విషయం, ఒకటి పెద్ద విషయం అన్న ఎక్కువ తక్కువలు అతని గొంతులో లేవు. నా గొంతులో ఉన్నాయి. నాకు చిన్నప్పటి నుంచీ పార్లమెంటు అంటే దేశం, సరిహద్దు, బడ్జెట్టు. ఒక్క మనిషి కష్టం అక్కడ చెప్పుకోవడం అంటే పెద్దల ముందు ముక్కు చీదినట్టు.

వాళ్ళ మంత్రులేమీ దేవుళ్ళు కారు. విషయం లేవనెత్తినందుకు ధన్యవాదాలు అంటారు, సంబంధిత శాఖ దృష్టికి తీసుకుపోతానంటారు. ఆ భాష నాకు కొత్త కాదు. మన దగ్గర తెలుగులో విన్నాను, ఇక్కడ అరబ్బీలో విన్నాను. కానీ అక్కడ ఒక్క పద్ధతి నన్ను పట్టేసింది. మంత్రి చెప్పిందంతా అయ్యాక అడిగినవాడికి మళ్ళీ లేచే వంతు ఉంది. లేచి, నేను అడిగింది ఇది, మీరు చెప్పింది అది, నా ప్రశ్నకు జవాబు రాలేదు, బస్సు వస్తుందా రాదా అంటాడు.

ఒక మధ్యాహ్నం ఇంజనీరు తినడం ఆపేసి వింటున్నాడు.

"ఇవాళ ఏంటి సార్?"

"మా వైపు నుంచి ఎంతమంది దేశం వదిలి పోయారో, ఎందుకు పోయారో మాట్లాడుతున్నారు. అంటే నా గురించే. ఇక్కడ కూర్చుని నా గురించి నేనే వింటున్నాను." రొట్టె డబ్బా మూస్తూ, "మా తాత లండన్లో ఇటుకలు మోశాడు. అప్పుడు ఎవరూ అడగలేదు" అన్నాడు.

ఆ మాట నాలో దిగబడింది. మేము ఇన్నాళ్ళుగా ఇక్కడ ఇనుము వంచి, సిమెంటు మోసి, కొందరం శవపెట్టెల్లో ఇంటికి పోయినవాళ్ళం. మా ఊళ్ళలో మేమున్న దేశం పేరు కూడా సరిగ్గా తెలియదు, అందరికీ ఇది దుబాయే. మా గురించి మా సభలో ఎవరు లేచారు? లేస్తే ఏమన్నారు? కోపంతో ఆ రోజు టీలో చక్కెర రెండుసార్లు వేశాను.

సరిగ్గా ఆ వారమే, మా వైపు పార్లమెంటు సభ్యుడొకాయన తెలుగువాళ్ళ వేడుకకు ముఖ్య అతిథిగా దోహా వస్తున్నాడని తెలిసింది. ఆరు వారాల వ్యవధి ఉంది. అర్జీ రాయాలనుకున్నాను. కూలీలుండే క్యాంపుల్లో నన్ను అర్జీల కాక అంటారు. ఆ పేరంటే నాకు లోలోపల ఇష్టమే.

మాలో అర్జీకి ఒక పద్ధతి ఉంది. ఒక్కడి కోసం రాస్తే దాన్ని అర్జీ అనరు, కాళ్ళు పట్టుకోవడం అంటారు. అర్జీ అంటే ఉమ్మడిది. అందులో ప్రతివాడి మాటా ఉండాలి. ఎవరిది వదిలినా అలకే. పెద్ద విషయం ముందు, చిన్న విషయం వెనక. చివర సంతకాలు, వేలిముద్రలు. సంతకాలు ఎన్ని పేజీలుంటే అంత బరువని మా నమ్మకం.

మొదటి శుక్రవారం బిర్కత్ అల్ అవామిర్ క్యాంపుకు పోయి ఒక గదిలో మంచం మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. గల్ఫ్ కార్మికుల కోసం ఒక బోర్డు. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు సాయం. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో మావాళ్ళకు ఫారాలు నింపిపెట్టే మనిషి. అక్కడి దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత ఊళ్ళు మొదలయ్యాయి.

"కాకా, మా ఊళ్ళె సెల్ టవర్ లేదు. మాట్లాడాల్నంటె నా పెండ్లాం వాటర్ ట్యాంక్ ఎక్కాలె. రాయి."

"ఎక్కనీయిరా" అన్నాడు పక్క మంచం మీదివాడు. "ఎక్కినన్ని దినాలు నీ మీద పావురం, ప్రేమ ఉన్నట్టు లెక్క. టవర్ వస్తె ఫోనే ఎత్తది."

"నీ పెండ్లాం ఎత్తుతాందా మరి?"

"నాది కాదు, నీది చెప్పు."

"కాకా, మా కులసంఘం భవనం సగంల ఆగింది, అది కూడ."

"గది పార్లమెంటుల ఎట్ల అడుగుతరురా?" అన్నాను.

"ఎందుకడగరు? నువ్వే చెప్తివి కదా, ఆ తెల్లోల్ల దేశంల బస్సు కోసం అడిగిన్లని!"

నా మాట నాకే తగిలింది. రాశాను. అలా పదమూడు అయ్యాయి.

కిటికీ పక్క మంచం మీద మా పక్క ఊరి మనిషి కూర్చుని ఉన్నాడు. నలభై లోపు వయసు. స్లాబుల్లో ఇనుప చువ్వలు కట్టే పని. తీగ కత్తిరిస్తుంటే దాని కొన ఎగిరి ఎడమ కంట్లో తగిలి అప్పటికి మూడు వారాలు. క్యాంపు క్లినిక్‌లో చుక్కల మందు ఇచ్చారు. ఎరుపు తగ్గింది. అందరూ తగ్గిందనుకున్నారు.

"నీదేంది?" అన్నాను.

"నాదేం లేదు కాకా. కన్నుకు పక్క నుంచి నల్ల పరద గుంజినట్టు అయితాంది. మధ్యల మధ్యల మెరుపులు కొడుతున్నయి."

క్లినిక్ డాక్టరు రాసిన చీటీ చూపించాడు. కంటి వెనక పొర చూడాలి, వెంటనే పెద్దాస్పత్రికి పంపండి అని ఇంగ్లీషులో ఉంది. వెంటనే అన్న మాట కింద గీత కూడా కొట్టి ఉంది. అయితే అతని రెసిడెన్స్ కార్డు గడువు తీరిపోయింది. అతణ్ణి పనికి తెచ్చిన మనుషుల సరఫరా కంపెనీ దాన్ని తిరిగి చేయించలేదు. అడిగినప్పుడల్లా 'బుక్రా', రేపు అంటోంది. గడువు తీరిన కార్డుతో పెద్దాస్పత్రికి పోతే కౌంటర్లోనే పట్టుకుంటారని క్యాంపులో అందరూ అనేవాళ్ళు. పోయి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. నేనూ నమ్మాను. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి కదా!

"రాస్త" అన్నాను.

"రాయి గని నాది ఆఖరికి పెట్టు కాకా. ముందుగాల అందరిది కానీయి. ఒక్కని కోసం అందరిది ఆగొద్దు."

ఆ మాటకు గదిలో అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. పద్నాలుగో అంశం రాశాను. ఏమని? 'కార్మికుల ఆరోగ్య సమస్యలు, ఉదాహరణకు కంటి గాయాలు మొదలైనవి.' అతని పేరు లేదు. ఏ కన్నో లేదు. చీటీ మాట లేదు. మనిషిని తీసి మొదలైనవిలో కలిపేశాను. అలా రాస్తేనే హుందాగా ఉంటుందనుకున్నాను.

మర్నాడు ఆఫీసులో జిరాక్స్ తీస్తుంటే ఇంజనీరు చూశాడు. ఏమిటని అడిగితే గర్వంగా ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. వింటూ వింటూ పద్నాలుగు దగ్గర చేయి ఎత్తి ఆపాడు.

"ఈ కంటి గాయం ఎవరికి?"

"ఒక మనిషికి సార్."

"ఎప్పుడు తగిలింది? డాక్టరు ఏమన్నాడు?"

చెప్పాను. ఆయన ముఖంలో ఎరుపు తగ్గింది.

"ఒక్క పేజీ రాసివ్వండి. పేరు, తగిలిన రోజు, ఆ చీటీ నకలు. ఇవాళే. కాంట్రాక్టరు సేఫ్టీ వాళ్ళతో నేను మాట్లాడతాను."

"మాకూ సభ ఉంది సార్" అన్నాను. "మా సభ్యుడు వస్తున్నాడు. మా మాట ఆయనే అడుగుతాడు."

"అడగాలి. తప్పకుండా అడగాలి. కానీ అప్పటిదాకా ఆ కన్ను ఆగుతుందా?"

"రేపిస్తాను సార్" అన్నాను. బుక్రా. నేనూ అదే అన్నాను.

ఎందుకివ్వలేదని ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. ఫిర్యాదు చేసినవాణ్ణి ముందు ఇంటికి పంపించేస్తారన్న భయం కొంత ఉంది, నిజమే. కానీ భయం వెనక దాక్కోను. అసలు కారణం గర్వం. వాళ్ళ సభ వాళ్ళ అమ్మ బస్సు గురించి అడుగుతుంటే, మా మనిషి కన్ను కోసం నేను ఒక పరాయి దేశపు ఇంజనీరు దయ కోరాలా? మా సభ అడగాలి. అడిగి, అచ్చయి, ఆ అచ్చు కాగితం తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టాలి. అదీ నేను కన్న కల. ఆ కలకు ఇంకొకరి కన్ను పెట్టుబడి పెట్టాను.

మర్నాడు ఆయన మళ్ళీ అడిగాడు. రాస్తున్నాను సార్ అన్నాను. ఆ వారాంతంలో ఆయన సెలవు మీద వాళ్ళ దేశం పోయాడు. నాకు, దేవుడా, ఊరట అనిపించింది.

గోదావరి మనిషి ముఖం మీదే చెప్పాడు. "మాస్టారూ, ఏమనుకోకండి. పద్నాలుగు అడిగితే ఆయనకి పద్నాలుగు వంకలు దొరుకుతాయండి. ఒక్కటే అడగండి. వంక కూడా ఒక్కటే ఉంటది, ఎక్కడుందో తెలిసిపోద్ది."

"మీకు అన్నింటికీ తొందరే" అన్నాను కోపంగా.

"తొందర నాది కాదండి, ఆ కుర్రోడి కంటిది" అని తన డ్రాయింగు ముందుకు పోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సంతకాలకు ఐదు శుక్రవారాలు పట్టాయి. ఒక క్యాంపులో బోర్డు ముందుండాలన్నారు, ఇంకో క్యాంపులో చనిపోయినవాళ్ళ సంగతి ముందుండాలన్నారు. సాఫు కాపీ మూడుసార్లు తిరగరాశాను. నా చేతిరాత బాగుంటుంది. ఆ గర్వమూ ఒకటి. మూడో శుక్రవారం ఆ కిటికీ పక్క మనిషి దగ్గరకు కాగితం తీసుకుపోయాను. పెన్ను పట్టుకుని, తల ఒక పక్కకు వంచి, కోడి గింజ వెతికినట్టు కాగితం మీద వెతికాడు.

"ఏడ కాకా?"

నా వేలు పెట్టి గీత చూపించాను. నా గోరు పక్కన సంతకం చేశాడు. ఇది నేను నా కళ్ళతో చూశాను. చూసి, కాగితం మడిచి, పక్క గదికి పోయాను.

వేడుక రోజు రానే వచ్చింది. హాలు నిండా జనం, పాటలు, దండలు, ఒకరి వెంట ఒకరు ఉపన్యాసాలు. వేదిక మీదికి నన్ను పిలిచారు. అర్జీ సభ్యుడి చేతిలో పెట్టాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఫొటో తీశారు. ఆయన ఆ కాగితాలు వెనక నిలబడ్డ మనిషికి అందించి, మైకులో, "ఈ పెద్దాయన సాక్షిగా చెబుతున్నాను, మీ గొంతు సభలో వినిపిస్తాను" అన్నాడు. చప్పట్లు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేదిక దిగుతుంటే జేబులో ఫోను కదిలింది. కిటికీ పక్క మంచం మనిషి.

"కాకా, మీటింగుల ఉన్నవా? అయినంక చెయ్యి."

"చెప్పురా. అర్జీ ఇచ్చిన. తీసుకున్నడు."

"మంచిగైంది." అతని గొంతు మామూలుగానే ఉంది. "ఏం లేదు కాకా. పరద మొత్తం పడ్డది. ఎడమ దిక్కు ఏం కనిపిస్తలేదు."

ఇంజనీరు సెలవు నుంచి వచ్చింది ఆ మర్నాడే. ఆఫీసు తలుపు తీసేసరికి ఆయన బల్ల మీద ఒక్క పేజీ పెట్టాను. పేరు, గాయం, తేదీ, చీటీ నకలు. రాయడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన చదివాడు. నా వైపు చూశాడు.  తిట్టి ఉంటే బాగుండేది. ఫోను తీశాడు.

మధ్యాహ్నానికల్లా సేఫ్టీ ఆఫీసరు కారులో క్యాంపుకు వచ్చాడు. మాట అర్థం చేసి చెప్పడానికి నన్నూ ఎక్కించుకున్నారు. ఆస్పత్రి కౌంటర్లో ఉన్న అమ్మాయి గడువు తీరిన కార్డు చూసింది, ఎవరికో ఫోను చేసింది, మా మనిషి పేరు రాసుకుంది. కూర్చోండి అంది. అంతే. పోలీసులు లేరు, పట్టుకోవడాలు లేవు. ఇన్ని వారాలు మేము భయపడింది ఆ అమ్మాయికి. రెండు రోజుల్లో కంపెనీ కార్డు కూడా చేయించింది, అడిగినవాడు గట్టివాడు కాబట్టి.

ఆపరేషన్ చేశారు. పొరను అతికించగలిగారు కానీ చూపు రాలేదు. డాక్టరు నెమ్మదైన మనిషి. నాకు అర్థమయ్యేలా తేలిక ఇంగ్లీషులో చెప్పాడు. పొర పక్కన ఊడటం మొదలైనప్పుడే, ఒక ఆరు వారాల కిందట వచ్చి ఉంటే చూపు చాలావరకు దక్కేది, చూపుకు కీలకమైన నడిమి భాగం కూడా ఊడిపోయాక వచ్చారు అన్నాడు.

"ఏమంటాండు కాకా?"

"ఆలస్యమైందంటాండు" అన్నాను. ఆరు వారాల మాట చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా ఎందరికో ఎన్నో మాటలు తర్జుమా చేశాను. ఒక్క మాట మింగింది అప్పుడే.

కొన్నాళ్ళకు గోదావరి మనిషి తన ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. ఈసారి ఎకసెక్కెం లేదు. "మీవాడు అడిగాడండి" అన్నాడు. నిజంగానే అడిగాడు. మన పార్లమెంటులో లేచి, గల్ఫులో మన అన్నదమ్ముల కష్టాలు అంటూ గడగడా చదివాడు. నా అర్జీలోని వాక్యాలు రెండు మూడు అందులో వినిపించాయి. బోర్డు మాట వచ్చింది. చనిపోయినవాళ్ళ మాట వచ్చింది. మంత్రి లేచి, విదేశాల్లోని మన కార్మికుల సంక్షేమానికి ప్రభుత్వం కట్టుబడి ఉందన్నాడు. అంతటితో వేరే విషయం మొదలైంది. మా సభ్యుడు మళ్ళీ లేవలేదు.

ఏమని లేస్తాడు? నా ప్రశ్నకు జవాబు రాలేదు అనాలంటే ముందు ప్రశ్న ఉండాలి కదా. నేను ఆయనకు ఇచ్చింది ప్రశ్న కాదు, జాతర. కోపం ఆయన మీద కూడా ఉంది నాకు, లేదనను. ఆ కాగితాలు ఆయన చదివాడో వెనక మనిషి చదివాడో నాకు తెలియదు. కానీ పూర్తిగా చదివినా అందులో ఆ మనిషి దొరకడు. నేనే దొరక్కుండా రాశాను.

క్యాంపులో మాత్రం సంబరం. మిఠాయిలు పంచారు. ఆ ఒక్క పూట నేనూ సంతోషపడ్డాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

కన్ను పోయిన ఆ మనిషిని కంపెనీ ఇంటికి పంపించేస్తోంది. ఒక కన్నుతో ఎత్తు మీద పని చేయించరు. విమానం ఆదివారం. అంతకు ముందు శుక్రవారం మధ్యాహ్నం క్యాంపు గేటు ఎదుటి టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. అతను నా కుడి పక్క కూర్చోబోయి, ఆగి, లేచి వచ్చి ఎడమ పక్క కూర్చున్నాడు. నేను కనిపించాలంటే ఇప్పుడు నేను అతని కుడివైపు లేదా ఎదురుగా ఉండాలి. ఎక్కడ కూర్చుంటే సరిపోతుందో ఇద్దరికీ కాసేపు తేలక, చివరికి స్టూలు ఎదురుగా జరుపుకున్నాను.

"కాకా, పార్లమెంటుల అడిగిన్లంట కదా. నా ముచ్చట వచ్చిందా అండ్ల?"

"రాలే."

"రాకుంటెనే మంచిది. వస్తె టీవీల చూసి మా అత్తగారోల్లు ముందే ఏడ్సుడు మొదలుపెడుదురు" అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. చెప్పాను. మొదటి శుక్రవారం తెల్లారే ఐర్లండ్ సారు ఒక్క పేజీ అడిగాడని, రెండుసార్లు అడిగాడని, ఇవ్వలేదని. డాక్టరు చెప్పిన ఆరు వారాల మాట కూడా చెప్పాను. అతను టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని విన్నాడు. నీళ్ళ ట్యాంకరు ఒకటి గేటులోకి పోయింది. 

"నన్నొక్క మాట అడగకపోతివి కాకా."

"అందరిది ముందు అంటివి కదరా నువ్వు."

"అంటి. సారు అడుగుతాండని తెల్వక అంటి." గ్లాసు కింద పెట్టాడు. "తెలిస్తె ఏమంటుంటినో. వద్దంటుంటినేమో, ఇయ్యమంటుంటినేమో. గది నేను చెప్పే ముచ్చట కదా. నా దిక్కు కెల్లి నువ్వే చెప్పేసినవ్."



"కాగితం ఉన్నదా?" అన్నాడు.

నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. తీశాను.

"కంపెనీ కాగితాల నాది రోగం అని రాసిన్లంట. రోగం కాదు. డ్యూటీల తగిలింది. గట్ల మార్చి రాయాలె, గంతే. ఇంకేం వద్దు. నేను చెప్త, నువ్వు రాయి. ఆ సారుకే ఇయ్యి."

అతను చెప్పాడు, నేను రాశాను. అతని పేరు. ఎడమ కన్ను. ఏ అంతస్తులో, ఏ పూట, పక్కన ఎవరున్నారో. క్లినిక్ చీటీ. ఎన్నాళ్ళు తిరిగాడో. నేను మధ్యలో ఒక మంచి మాట చేర్చబోతే, "నేను చెప్పింది రాయి" అన్నాడు. 

"మా కాక ఆలస్యం చేసిండు అని కూడ రాయి. అయింది అయినట్టు ఉండాలె."

రాశాను. ఆ వాక్యం దగ్గర నా చేతిరాత బాగా రాలేదు. మొత్తం చదివి వినిపించాను. తల తిప్పి, కుడి కన్ను కాగితానికి దగ్గరగా పెట్టి, గీత తనే వెతుక్కుని సంతకం చేశాడు. నేను వేలు పెట్టబోతే నా చెయ్యి పక్కకు జరిపాడు.